జుట్టూ – జింకు బిళ్లా

మా మేనల్లుడు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చదువుతూ హాస్టలులో ఉండేవాడు. ఆదివారం వచ్చిందంటే ఆర్ట్సు కాలేజీ ముందునుంచి నడుచుకుంటూ తార్నాకలోని మా ఇంటికి భోజనానికి వచ్చేవాడు. ఒక డిసెంబరు ఆదివారం వచ్చినవాడు అన్నం మాట ఎత్తకుండా జేబులోంచి కాగితం పొట్లం తీసి నా ముందు విప్పాడు. అందులో వెంట్రుకలు!

"ఒక్క పూటవి, మామయ్యా! లెక్కపెట్టాను. నూట డెబ్బై నాలుగు" అన్నాడు.

వాడి ముఖంలోని దిగులు చూస్తే నాకు నవ్వు రాలేదు. మా ఆవిడ మాత్రం తడుముకోకుండా "దిష్టి తగిలిందిరా" అని తేల్చేసింది. ముప్ఫయ్యేళ్లు కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పినవాణ్ణి, దిష్టి మాట ఒప్పుకుంటానా? జుట్టుకు జింకు మంచిదని ఎక్కడో చదివిన జ్ఞాపకం. సాయంత్రం నేనే తార్నాక చౌరస్తాకు వెళ్లి, ఒక మందుల షాపులో జింకు బిళ్లల సీసా కొని వాడి చేతిలో పెట్టాను. ఈ వ్యాసం ఆ తొందరపాటుకు ప్రాయశ్చిత్తమనుకోండి.

జింకు కొత్త వస్తువేమీ కాదు. పాత పాఠ్యపుస్తకాలలో యశదం, ఇంకా పూర్వులు తుత్తునాగం అన్నది దీన్నే. ఇంటి కప్పు రేకు తుప్పు పట్టకుండా పూసే లోహమూ ఇదే. మనిషి ఒంట్లో మొత్తం కలిపి రెండు గ్రాములకు అటూ ఇటూగా ఉంటుంది. అంత కొంచెమైనా, అది లేకపోతే ఒంట్లో కొత్త కణాలు సరిగా పుట్టవు. జుట్టు కుదుళ్లలోనేమో కణాలు రాత్రింబగళ్లు పుడుతూనే ఉండాలి. అందుచేత నిజంగా జింకు కొరత ఉన్నవాడికి జుట్టు రాలుతుందనే మాట శాస్త్రసమ్మతమే.

ఈ కొరతను లోకానికి ఎత్తి చూపినవాడు మన దేశస్థుడే. బీహారులో పుట్టిన డాక్టరు ఆనంద ప్రసాద్ ఇరానులోని షిరాజులో పనిచేస్తున్నప్పుడు, ఇరవై ఏళ్లు దాటినా పదేళ్ల పిల్లల్లా గిడసబారి ఉన్న యువకులను చూశాడు. వాళ్లకు మీసం మొలవలేదు, గడ్డం మొలవలేదు. పులియబెట్టని గోధుమరొట్టె తప్ప వారి తిండిలో చెప్పుకోదగ్గది లేదు. పైగా మట్టి తినే అలవాటు. జింకు లోపమే కారణం కావచ్చునని ఆయన 1961లో ప్రకటించి, 1963లో ఈజిప్టు రోగులలో దాన్ని రుజువు చేశాడు. జింకు ఇచ్చాక ఆ యువకులు ఎదిగారు.

ఇది చదివే నాకు ధైర్యం వచ్చింది. అయితే మావాడు షిరాజు యువకుడు కాడు. వారానికి రెండుసార్లు మాంసం తినేవాడు. ఆ తేడా నాకు ఆనాడు తట్టలేదు.

సీసాలో బిళ్ల ఒక్కొక్కటి 50 మిల్లీగ్రాములది. రోజుకొకటి చాలన్నాను. ఒకటి మంచిదైతే రెండు మరీ మంచివని వాడు రెండు వేసుకున్నాడు. హాస్టలు మిత్రుడెవరో బి కాంప్లెక్సు ఇచ్చాడట, అందులో ఇంకో 20. వెరసి 120. పరగడుపున వేసుకోవడంవల్ల రోజూ వికారం. చదువు ఒత్తిడివల్ల అలా ఉందనుకున్నాడు పాపం. మొటిమలకని వేరే డాక్టరు రాసిన డాక్సీసైక్లినును కూడా ఆ బిళ్లలతోనే ఒక్క గుక్కలో మింగేవాడట. ఏప్రిలుదాకా ఇదే వరస. జుట్టు రాలడం ఆగలేదు. పైగా మెట్లెక్కితే ఆయాసం మొదలైంది.

అప్పుడు చర్మవైద్యుని దగ్గరికి తీసుకుపోయాను. ఆయన బిళ్లల సంగతి అడగనే లేదు. "క్రిందటి ఏడు జ్వరమేమైనా వచ్చిందా?" అన్నారు. సెప్టెంబరులో డెంగీ వచ్చి పదిరోజులు మంచం పట్టాడు. ఆ ముక్క మా ఇద్దరిలో ఎవరికీ గుర్తురాలేదు! ఆయన నాలుగు వెంట్రుకలు సుతారంగా లాగి, కొసన ఉన్న చిన్న తెల్లని గడ్డను చూపించారు. పెద్ద జ్వరం, కాన్పు, ఆపరేషను, తిండి మాని బరువు తగ్గడం – ఇలాంటి దెబ్బ తగిలినప్పుడు చాలా కుదుళ్లు ఒక్కసారిగా విశ్రాంతిలోకి పోతాయట. రెండుమూడు నెలలకు ఆ వెంట్రుకలు రాలతాయి. సాధారణంగా ఆరునెలల్లో దానంతట అదే సర్దుకుంటుంది. మామూలు రోజుల్లో కూడా యాభై నుంచి వందదాకా రాలడం సహజమే. వంశపారంపర్యంగా వచ్చే బట్టతలకు జింకుతో పనిలేదు. ఆడవారిలోనైతే ముందు ఇనుము, థైరాయిడు చూడాలన్నారు.

ఆ తరువాత సీసా చూపించాను. చూసి నవ్వుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు. రక్తపరీక్షకు రాశారు. తెల్లకణాలు తగ్గాయి, హిమోగ్లోబిను తగ్గింది, రాగి కూడా ఉండవలసినదానికన్న తక్కువగా ఉంది.

జింకు మింగితే రాగి ఎందుకు తగ్గాలి? జింకు ఎక్కువైనప్పుడు పేగు లోపలి కణాలు ఒక మాంసకృత్తును దండిగా తయారుచేస్తాయి. దానికి జింకుకన్న రాగి మీద మక్కువ ఎక్కువ. తిండిలోని రాగిని పట్టుకుని కూర్చుంటుంది. ఆ కణాలు రాలిపోయినప్పుడు రాగి కూడా వాటితోబాటు బయటికి పోతుంది. రాగి తగ్గితే రక్తం తగ్గుతుంది. మరీ ముదిరితే నరాలు దెబ్బతిని కాళ్లు తిమ్మిరెక్కుతాయి, నడక తూలుతుంది. ఆ నష్టం పూర్తిగా తిరిగిరాకపోవచ్చు. కట్టుడుపళ్లు అంటించుకునే జింకు జిగురును విపరీతంగా వాడి ఈ స్థితికి వచ్చిన నలుగురి సంగతి 2008లో అమెరికా వైద్యులు ప్రచురించారు. వారి ఒంట్లోకి పోయినది మావాడి లెక్కకు చాలా రెట్లు. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మా ఇంటికి కూతవేటు దూరంలోనే జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక్క గదిలో బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై, 1958లో హైదరాబాదు చేరింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టినదీ 1918లోనే. ఈ ఇద్దరు ఈడువారి నడుమ కాపురముంటూ నేను చేసిన నిర్వాకం ఇది! ఆ సంస్థ 2020లో కట్టిన లెక్క ప్రకారం రోజుకు మగవారికి 17 మిల్లీగ్రాములు, ఆడవారికి 13.2 మిల్లీగ్రాముల జింకు కావాలి. తిండీ బిళ్లలూ కలిపి 40 దాటరాదు. కొరత రుజువైనవారికి డాక్టరు కొంతకాలం అంతకుమించి ఇవ్వవచ్చు, అది వేరే సంగతి.

సీసా మీది అంకె చూసి మోసపోయేవారు మరికొందరు. "జింకు సల్ఫేటు 220 మి.గ్రా." అని ఉంటే అందులో జింకు సుమారు 50 మాత్రమే, మిగతాది గంధకం, ప్రాణవాయువు, నీరు. అదే సల్ఫేటు, నీరు తక్కువగా ఉన్న రకమైతే 55కే 20 వస్తుంది. గ్లూకోనేటు 50 అంటే జింకు ఏడే. కనుక "ఎలిమెంటల్ జింకు" అన్న మాట పక్కన ఉన్న అంకెనే చూడాలి. బి కాంప్లెక్సులోది, జుట్టుకని అమ్మే చప్పరించే బిళ్లలోది, అన్నీ కూడాలి.

డాక్టరు వేసుకోమన్నప్పుడు భోజనం తరువాత వేసుకుంటే వికారం ఉండదు. ఇనుము, కాల్షియం బిళ్లలతో కలపకూడదు. డాక్సీసైక్లిను, సిప్రోఫ్లాక్సాసిను వంటివి జింకుతో కలిస్తే రెండూ ఒంటబట్టవు. ఆ మందు వేసుకున్న రెండుగంటలు ఆగి జింకు వేసుకోవాలి. జింకు ముందు వేసుకుంటే ఆరుగంటలు ఆగడం మేలు. ఎన్నాళ్లు వాడాలన్నది మొదటిరోజే అడిగి తెలుసుకోవాలి. నేను అడగనిది అదే, అడగడానికి డాక్టరుంటేగా!

తిండి సంగతికి వస్తే, మాంసంలోని జింకు సులువుగా ఒంటబడుతుంది. పప్పులు, ధాన్యాలలో ఉన్నదాన్ని ఫైటేటు అనే పదార్థం పట్టి ఉంచుతుంది. నానబెట్టి మొలకెత్తించినా, పిండి పులియబెట్టినా ఆ పట్టు సడలుతుంది. మన ఇడ్లీ, దోసెలకు ఈ గుణం ఉంది. నూరు గ్రాముల నువ్వులలో ఏడెనిమిది మిల్లీగ్రాములుంటే, తెల్లబియ్యంలో ఒకటికి కొంచెం పైన. ఆ లోటు తీర్చాలనే ఈ నగరంలోనే రాజేంద్రనగరులోని వరి పరిశోధన సంస్థవారు జింకు ఎక్కువగా ఉండే డి.ఆర్.ఆర్. ధాన్ 45 అనే వంగడాన్ని 2016లో విడుదల చేశారు.

మావాడు బిళ్లలు మానేశాడు. రెండు నెలల తరువాత చేసిన పరీక్షలో తెల్లకణాలు, రాగి యథాస్థానానికి వచ్చాయి. జూలై నాటికి నుదుటి మీద చిన్న చిన్న కొత్త వెంట్రుకలు నిక్కబొడుచుకుని లేచాయి. హాస్టలు మిత్రులు "ఏ కంపెనీ బిళ్లరా?" అని వెంటపడుతున్నారని చెప్పి నవ్వాడు.

మా ఆవిడ మాత్రం ఏప్రిలులో తాను ఎండుమిరపకాయలు, ఉప్పు తిప్పి దిష్టి తీసినందువల్లనే జుట్టు వచ్చిందంటుంది. తారీఖులు చూస్తే ఆమె వాదం నా సీసాకంటే బలంగానే ఉంది.