462 హిట్లు, 121 పాయింట్లు: వింగర్‌కి వెల కట్టేదెలా?

ఉత్తర అమెరికా ఐస్ హాకీ లీగ్ ఎన్‌హెచ్‌ఎల్ 2024-25 సీజన్‌లో నికితా కుచెరోవ్ 78 మ్యాచ్‌లాడి 37 గోల్స్ కొట్టాడు, 84 అసిస్ట్‌లు ఇచ్చాడు. మొత్తం 121 పాయింట్లు. లీగ్ అంతటిలో అతనే ఫస్టు. అదే ఏడాది వాంకూవర్ కనక్స్‌కి ఆడిన కీఫర్ షెర్‌వుడ్ చేసినవి 19 గోల్స్, 21 అసిస్ట్‌లు, అంటే 40 పాయింట్లు. ఇద్దరూ వింగర్లే. నిజం ఆటగాళ్ళని ఎంచుకుని వాళ్ళ గణాంకాలతో పోటీపడే ఫాంటసీ లీగ్‌లో ముందు ఎవర్ని తీసుకుంటావని అడిగితే హాకీ రానివాళ్ళు కూడా కుచెరోవ్ అనేస్తారు.

ఇప్పుడు గోల్‌కి 3, అసిస్ట్‌కి 2, హిట్‌కి అర పాయింటు ఇచ్చే లీగ్ ఒకటి ఉందనుకోండి. గోల్స్, అసిస్ట్‌ల మీద కుచెరోవ్‌కి 279 వస్తాయి, షెర్‌వుడ్‌కి 99. కానీ ఆ సీజన్‌లో షెర్‌వుడ్ 462 హిట్లు కొట్టాడు. అంతకు ముందు ఏడాది జెరెమీ లాజాన్ పెట్టిన 383 రికార్డుని అవలీలగా దాటేశాడు. హిట్ అంటే పక్ (ఆడే రబ్బరు బిళ్ళ) దగ్గరున్న ప్రత్యర్థిని ఒంటితో గుద్ది ఆపడం. 462లో సగం 231. అది కలిపితే షెర్‌వుడ్ 330. కుచెరోవ్ అతన్ని అందుకోవాలంటే 100 పైచిలుకు హిట్లు కావాలి. అతని ఆట అది కాదు, ఆ దరిదాపులకీ రాడు.

అంటే ఆ లీగ్‌లో 40 పాయింట్ల ఆటగాడు 121 పాయింట్ల ఆటగాడి కంటే విలువైనవాడు. అది పిచ్చి నియమమే, హిట్‌కి అర పాయింటు ఇవ్వడం చాలా ఎక్కువని నేనూ అంటాను. కానీ లీగ్‌లో చేరాక నియమం నియమమే. వింగర్‌కి సొంత ర్యాంకంటూ ఏదీ లేదు, మీ లీగ్ లెక్కల పట్టీయే ఆ ర్యాంకుని తయారు చేస్తుంది. ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ రోజు చాలామంది ఈ ఒక్క సంగతే మర్చిపోతారు.

మన దగ్గర హాకీ అంటే పచ్చిక మీద పదకొండు మంది ఆడే ఆట. ఇది మంచు మీద ఆడేది. ఒక్కో జట్టు నుంచి గోలీతో కలిపి ఆరుగురు బరిలో ఉంటారు. ముందు వరుసలో ముగ్గురు: మధ్యలో సెంటర్, అటూ ఇటూ ఇద్దరు వింగర్లు. ఫాంటసీలో మామూలుగా కనబడే అమరిక ప్రకారం ఒక్కో జట్టుకి ఇద్దరు ఎడమ వింగర్లు, ఇద్దరు కుడి వింగర్లు కావాలి. పన్నెండు జట్ల లీగ్ అయితే ఒక్కో వైపుకి 24 మంది. డాలస్ చుట్టుపక్కల ఉంటున్న మన తెలుగువాళ్ళు కొందరు, ఆఫీసు మిత్రులు కొందరు కలిసి ఆడే మా లీగ్ కూడా అంతే. డబ్బు పందెం లేదు గానీ పట్టుదల మాత్రం నిండుగా ఉంది.

మా లీగ్‌లో గోల్‌కి 2, అసిస్ట్‌కి 1. ఈ చిన్న తేడా ఏం చేస్తుందో చూడటానికి ఒకే జట్టులో ఆడిన ఇద్దర్ని తీసుకుందాం. 2024-25లో టొరంటో మేపుల్ లీఫ్స్‌కి మిచ్ మార్నర్ 27 గోల్స్, 75 అసిస్ట్‌లతో 102 పాయింట్లు చేశాడు. విలియం నైలాండర్ 45 గోల్స్, 39 అసిస్ట్‌లతో 84 చేశాడు. మామూలు పట్టికలో మార్నర్ 18 పాయింట్లు ముందున్నాడు, అంటే 21 శాతం ఎక్కువ. గోల్‌కి 3, అసిస్ట్‌కి 2 ఇస్తే మార్నర్ 231, నైలాండర్ 213. తేడా అదే 18, కానీ శాతంలో 8కి పడిపోయింది. మా లెక్కలో మార్నర్‌కి 54, 75 కలిపి 129. నైలాండర్‌కి 90, 39 కలిపి 129. ఇద్దరూ సరిసమానం! నేను మొదటిసారి ఈ కూడిక చేసినప్పుడు తప్పు చేశాననుకుని మళ్ళీ వేసి చూసుకున్నాను.

ఇదే పద్ధతిలో ఆ సీజన్‌కి మరికొందరి లెక్క వేస్తే కుచెరోవ్ 158, డేవిడ్ పాస్టర్నాక్ 149, కైల్ కానర్ 138, ఆర్టెమీ పనారిన్ 126, మా డాలస్ స్టార్స్ కుర్రాడు జేసన్ రాబర్ట్‌సన్ 115.

ఇక ఆడని మ్యాచ్‌ల సంగతి. అలెక్స్ ఒవెచ్కిన్ ఆ సీజన్‌లో కాలి ఎముక విరిగి నవంబరులో ఆటకి దూరమయ్యాడు. మొత్తం 65 మ్యాచ్‌లే ఆడాడు, 44 గోల్స్, 29 అసిస్ట్‌లు చేశాడు. మా లెక్కలో 117. పైపైన చూస్తే మార్నర్, నైలాండర్‌ల వెనకే. కానీ అతను లేని 17 మ్యాచ్‌లూ మీ జట్టులో ఆ కుర్చీ ఖాళీగా ఉండదు కదా. ఎవరూ తీసుకోకుండా మిగిలిపోయిన వింగర్‌ని పట్టుకొచ్చి కూర్చోబెడతారు. అలాంటివాడు ఏడాదికి 20 గోల్స్, 25 అసిస్ట్‌లు చేస్తాడనుకుందాం. మా లెక్కలో 65, మ్యాచ్‌కి సుమారు 0.8. పదిహేడు మ్యాచ్‌లకి 13.6. ఒవెచ్కిన్ కుర్చీ మొత్తం రాబడి 130.6. ముప్ఫై తొమ్మిదేళ్ళ మనిషి, విరిగిన కాలుతో సీజన్‌లో అయిదో వంతు పోగొట్టుకుని కూడా, టొరంటో వాళ్ళిద్దరి కంటే ఒక మెట్టు పైన నిలబడ్డాడు.

మిగిలిపోయిన ఆ ఆటగాడే అసలు కొలబద్ద. ఊరికే దొరికే వింగర్ 65 తెచ్చే చోట కుచెరోవ్ అసలు విలువ 158 కాదు, 93. పాస్టర్నాక్‌ది 84. ఎనిమిది జట్ల చిన్న లీగ్‌లో మిగిలినవాళ్ళే 80 తెస్తారు, అక్కడ పెద్ద పేర్ల విలువ తగ్గుతుంది. పద్నాలుగు జట్ల లీగ్‌లో మిగిలేది 50 తెచ్చేవాడైతే విలువ పెరుగుతుంది. ఎడమ, కుడి విడివిడిగా లెక్కపెట్టే లీగైతే ఇంకో మెలిక ఉంది. ఆ ఏడాది కుడి వైపు ముందున్న ముగ్గురూ 121, 106, 102 పాయింట్లు చేస్తే ఎడమ వింగర్లలో పైనున్న కానర్ 97 దగ్గర ఆగాడు. మొదటి రౌండ్లో కుడి వింగర్ దొరకలేదంటే ఆ ఎత్తు మళ్ళీ దొరకదు. రెండు వైపులా ఆడించుకునే వీలున్న ఆటగాడు కనబడితే మాత్రం అయిదారు పాయింట్లు తక్కువైనా నేను వదలను.

పవర్ ప్లే అంటే మనకి క్రికెట్ గుర్తొస్తుంది. హాకీలో అది వేరు. ప్రత్యర్థి తప్పు చేస్తే వాళ్ళలో ఒకరు మామూలుగా రెండు నిమిషాలు బయట కూర్చోవాలి, అప్పుడు అయిదుగురు నలుగురి మీద ఆడతారు. 2023-24లో కుచెరోవ్ చేసిన 144 పాయింట్లలో 53 పవర్ ప్లేలో వచ్చినవే, అంటే 37 శాతం. ఒవెచ్కిన్ చోటైతే కళ్ళు మూసుకుని చెప్పొచ్చు: మంచు మీద గీసిన ఎడమ వైపు వృత్తం. అతను కుడిచేతి వాటం షూటర్, నిలబడేది ఎడమ పక్క. దాంతో కర్ర బ్లేడు మైదానం మధ్యకి తిరిగి ఉంటుంది, అవతలి నుంచి వచ్చే పాస్‌ని ఆపకుండానే బాదేయొచ్చు. గోలీ అటు నుంచి ఇటు జరిగేలోపు పక్ వలలో ఉంటుంది. వేన్ గ్రెట్జ్‌కీ 894 గోల్స్ రికార్డుని దాటిన 895వ గోల్ కూడా 2025 ఏప్రిల్ 6న పవర్ ప్లేలోనే, ఆ ఎడమ వృత్తం దగ్గర్నుంచే వచ్చింది. అందుకే వింగర్ పేరు చూడగానే నేను అడిగే మొదటి ప్రశ్న, జట్టు మొదటి పవర్ ప్లే గుంపులో ఇతను ఉన్నాడా లేడా అని. అక్కణ్ణుంచి రెండో గుంపుకి దిగితే రాబడి ఎండిపోతుంది.

గోల్స్ సంఖ్య ఎంత ముద్దొచ్చినా దాని వెనక షాట్ల సంఖ్య చూడాలి. 2023-24లో ఫ్లోరిడా పాంథర్స్ ఆటగాడు సామ్ రైన్‌హార్ట్ 57 గోల్స్ కొట్టాడు. కొట్టిన షాట్లు 233. అంటే 24.5 శాతం, దాదాపు నాలుగు షాట్లకి ఒక గోల్. ఏడాది తర్వాత ఏడాది ఎవరూ అలా కొట్టలేరు. మంచి షూటర్‌కి 16 శాతం వేసుకుంటే అవే 233 షాట్లకి 37 గోల్స్ రావాలి. మరుసటి ఏడాది రైన్‌హార్ట్ ఎన్ని కొట్టాడు? 39. అతని ఆట దిగజారిందని ఎవరూ అనలేరు. 2025 ఎన్‌హెచ్‌ఎల్ ఫైనల్ ఆరో మ్యాచ్‌లో ఒక్కడే నాలుగు గోల్స్ కొట్టి కప్పు తెచ్చిన మనిషి. అదృష్టం తన వాటా తీసుకుని వెళ్ళిపోయింది, అంతే. ఎడ్మంటన్‌లో జాక్ హైమన్ 54 నుంచి సరిగ్గా సగానికి, 27కి పడ్డాడు. 2024 అక్టోబరులో ఆ ఇద్దర్నీ పాత సంఖ్యలు చూసి ఎత్తుకున్నవాళ్ళు ఏడాదంతా బాధపడ్డారు.

పక్కన ఎవరున్నారన్నదీ సంఖ్యల్లోకి ఎక్కుతుంది. దీనికి మా ఊరి ఉదాహరణే ఉంది. మిక్కో రాంటనెన్ 2024-25 ఒక్క సీజన్‌లోనే మూడు జట్లకి ఆడాడు. కొలరాడోలో 49 మ్యాచ్‌లకి 64 పాయింట్లు, కరోలైనాలో 13కి 6, డాలస్‌లో 20కి 18. మ్యాచ్‌కి లెక్కేస్తే 1.31, 0.46, 0.90. మనిషి అతనే, కర్ర అదే. కరోలైనాలో ఉన్నప్పుడు మా లీగ్‌లో ఒకతను విసిగిపోయి అతన్ని చవగ్గా ఇచ్చేశాడు. పదమూడు మ్యాచ్‌లు చూసి అంత నిర్ణయం తీసుకోకూడదు, కానీ ఆ నెల రోజులు రోజూ రాత్రి సున్నాలు చూస్తుంటే ఓపిక పట్టడం ఎంత కష్టమో నాకూ తెలుసు.

పాయింట్లన్నీ కలిపే లీగ్ కాకుండా గోల్స్, అసిస్ట్‌లు, షాట్లు, హిట్లు వేటికవే వారం వారం గెలవాల్సిన లీగ్ అయితే లెక్క మారుతుంది. అక్కడ బ్రేడీ టకాచక్ లాంటివాడు బంగారం. 2023-24లో ఒట్టావాకి 37 గోల్స్, 37 అసిస్ట్‌లు చేస్తూనే 290 దాటి హిట్లు కొట్టాడు. ఇలాంటివాణ్ణి కొలవడానికి ఒక్కో విభాగంలో సగటు నుంచి ఎంత దూరంలో ఉన్నాడో, ఆ దూరం మామూలు తేడాకి ఎన్ని రెట్లో చూస్తారు. వింగర్ల సగటు 25 గోల్స్, మామూలు తేడా 8 అనుకుంటే అతను గోల్స్‌లో ఒకటిన్నర మెట్లు పైన. హిట్ల సగటు 80, తేడా 60 అనుకుంటే మూడున్నర మెట్లు పైన. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. వారానికి హిట్లు 60-40తో గెలిచినా, 41-40తో గెలిచినా వచ్చేది ఒక్క గెలుపే. టకాచక్ ఉన్న జట్టుకి షెర్‌వుడ్‌ని కూడా తెచ్చుకుంటే సగం హిట్లు వృథా. ఆ చోటు గోల్స్ కొట్టేవాడికివ్వాలి.

చివరికి వారం ఎలా నడుస్తుందన్నది మిగులుతుంది. మంగళ, గురు, శనివారాల్లో ఎన్‌హెచ్‌ఎల్ మ్యాచ్‌లు కిక్కిరిసి ఉంటాయి. ఆ రాత్రుల్లో మీ వింగర్లందరూ ఒకేసారి ఆడతారు, ఒకరిద్దర్ని బెంచీ మీద కూర్చోబెట్టక తప్పదు. సోమవారం, బుధవారం ఆడే జట్టు వింగర్ అప్పుడు పనికొస్తాడు. మ్యాచ్‌కి 0.9 తెచ్చేవాడు వారానికి మూడు ఆడితే 2.7, 0.7 తెచ్చేవాడు నాలుగు ఆడితే 2.8. అందుకే ఆదివారం రాత్రి పిల్లలు పడుకున్నాక నేను ముందు చూసేది పాయింట్ల పట్టిక కాదు, వచ్చే వారం ఏ జట్టుకి నాలుగు మ్యాచ్‌లున్నాయో ఆ క్యాలెండరే.