చలవ చేసే ద్రవలోహం - చుక్క జారితే చేటు

కంప్యూటరు నడుస్తున్నంతసేపూ అందులోని ప్రాసెసర్ వేడెక్కుతూనే ఉంటుంది. ఆ వేడిని పైనున్న లోహపు పలక లాగి ఫ్యాను గాలికి వదులుతుంది. చిప్పుకూ పలకకూ మధ్య కంటికి ఆనని సందులుంటాయి. వాటిని పూడ్చడానికి మామూలుగా ఒక పేస్టు పూస్తారు. దానికి బదులు కొందరు ద్రవలోహం వాడుతున్నారు.

ఇది పాదరసం కాదు. గాలియంలో ఇండియం, తగరం కలిపిన మిశ్రమం. 1875లో కనుగొన్న గాలియం సుమారు 30 డిగ్రీలకే కరుగుతుంది. మన ఎండాకాలంలో అలమరలో ఉంచినా నీరవుతుంది. మిశ్రమమైతే మన చలికాలంలోనూ గడ్డకట్టదు. పేస్టుకన్నా ఎన్నో రెట్లు బాగా వేడిని చేరవేస్తుంది. ప్రాసెసర్ వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది, ఫ్యాను రొదా తగ్గుతుంది.

అయితే ముప్పూ ఉంది. లోహం గనుక దీనిగుండా కరెంటు పారుతుంది. చుక్క పక్కకు జారితే షార్ట్ సర్క్యూటై యంత్రమే కాలిపోవచ్చు. సత్తు గిన్నెలు చేసే అల్యూమినియానికి ఇది బద్ధశత్రువు. తగిలితే లోపలికి చొరబడి పెళుసుబారుస్తుంది. రాగిలోకి కూడా కొద్దికొద్దిగా ఇంకుతుంది. నికెల్ పూత ఉన్న పలక మేలు.

2020లో వచ్చిన ప్లేస్టేషన్ 5 ఆట యంత్రంలో దీనిని వాడటానికి సోనీ కంపెనీ రెండేళ్లకు పైగా సన్నాహాలు చేసింది. ఇంట్లో ఒక్క పూటలో తేలే పని కాదిది.

పిల్లల చదువుకు, దరఖాస్తులకు వాడే కంప్యూటరుకు పేస్టే చాలు. వేడెక్కుతుంటే ముందు ఫ్యానులో దుమ్ము దులిపించండి. ఎండిన పేస్టు మార్పించండి. ఎవరైనా ద్రవలోహం వేస్తామంటే, పలక ఏ లోహమో అడిగి తెలుసుకున్నాకే సరేననండి.