మనసును మెదడులోకి కుదించవచ్చా?

మనోవిజ్ఞానం చెప్పే సూత్రాలన్నిటినీ చివరికి నాడీశాస్త్రంలోకి, అక్కడినుంచి భౌతికశాస్త్రంలోకి కుదించి చెప్పవచ్చుననే అభిప్రాయాన్ని న్యూనీకరణవాదం అంటారు. వాయువు ఉష్ణోగ్రత దాని అణువుల సగటు గతిజశక్తికి కొలత అని తేలిన తరువాత, వాయు నియమాలను అణువుల కదలికల నుంచే రాబట్టడం సాధ్యమైంది కనుక ఈ వాదానికి గట్టి పునాదే ఉంది. 1961లో ఎర్నెస్ట్ నాగెల్ దీనికి తార్కిక రూపమిస్తూ, పై శాస్త్రంలోని భావనలను కింది శాస్త్రంలోని భావనలతో ముడివేసే వారధి సూత్రాలు అవసరమన్నారు.

మనసు విషయంలో అటువంటి వారధి నిలవదని 1967లో హిలరీ పట్నం వాదించారు. నొప్పి మనిషికే కాక ఆక్టోపస్‌కూ కలగవచ్చు. కానీ సుమారు 50 కోట్ల నాడీకణాలున్న ఆ జీవిలో సగానికి పైగా కణాలు చేతుల్లోనే ఉంటాయి గనుక, నొప్పి అంటే ఫలానా నాడీస్థితి అని రెండింటికీ ఒకే సమీకరణం రాయడం కుదరదు. గాయం వల్ల పుట్టి, దాన్నుంచి తప్పించుకునేలా ప్రేరేపించే స్థితిగా, అంటే అది చేసే పనిని బట్టే, నొప్పిని గుర్తించాలి. ఒకే మానసిక స్థితి భిన్న భౌతిక నిర్మాణాల్లో నెలకొనగలగడాన్ని బహుళ సాధ్యత అంటారు. 1974లో జెర్రీ ఫోడర్ దీన్ని ఆర్థికశాస్త్రం వంటి శాస్త్రాలకూ విస్తరించారు: బంగారంతో, కాగితంతో, గవ్వలతో జరిగే చెల్లింపులన్నీ భౌతిక ఘటనలే అయినా, వాటిని ద్రవ్యమారకంగా ఒకటి చేసే భౌతిక లక్షణమేదీ లేదు.

దీనిపై 1992లో జేగ్వాన్ కిమ్ లేవనెత్తిన అభ్యంతరం తేలిగ్గా తోసివేయదగినది కాదు. జేడ్ అనే రాయి నిజానికి జేడైట్, నెఫ్రైట్ అనే రెండు వేర్వేరు ఖనిజాలు కాబట్టి జేడ్‌కు ఒకే శాస్త్రీయ నియమం ఉండదు. నొప్పి కూడా అలాగే వేర్వేరు భౌతిక స్థితుల సమూహమైతే, ఒక్కొక్క జీవజాతికి ఒక్కొక్క న్యూనీకరణమే మిగులుతుందని ఆయన వాదన.

అయితే ఒకే జాతిలోనూ ఈ వైవిధ్యం కనిపిస్తుందన్న సంగతిని ఆ వాదన తగినంతగా లెక్కలోకి తీసుకోదు. శైశవంలోనే మెదడు ఎడమ అర్ధగోళం దెబ్బతిన్న పిల్లల్లో చాలాసార్లు కుడి అర్ధగోళం భాష బాధ్యతను స్వీకరిస్తుంది. స్థానం మారినా ఆ పిల్లలు మాటలాడేదీ అర్థం చేసుకునేదీ భాషే.

మనోవిజ్ఞానపు స్వతంత్రతను అంగీకరించినంత మాత్రాన ఆత్మను వేరే పదార్థంగా నమ్మనక్కరలేదు, నాడీశాస్త్రాన్ని తక్కువ చేయనక్కరలేదు. పరీక్ష భయంతో నిద్రపట్టని విద్యార్థిని అర్థం చేసుకోవడానికి అతని మెదడులో ఏం జరుగుతున్నదో తెలియడం ఉపయోగమే, కానీ తప్పితే ఏమవుతుందని అతడు నమ్ముతున్నాడో తెలియనిదే ఆ వివరణ పూర్తికాదు.