నడుము నొప్పి: నడుముదా, మనస్సుదా?

ఆదోని పత్తి మార్కెట్టు యార్డులో ఒక బస్తా ఎట్లు కదలునో గమనింపుడు. హమాలీ దానిని ఒంటరిగా నేలమీదినుండి ఎత్తడు. ఇద్దరు చెరియొక కొస పట్టి లేపుదురు. అతడు వీపు వంచి దాని క్రిందికి వచ్చును. ఈ అలవాటులో లివరు సూత్రమున్నది. 20 కిలోల బరువును చేతులతో, నడుము పూసకు 40 సెంటీమీటర్ల దూరమున పట్టితిమనుకొనుడు. వెన్నును నిలుపు కండరములు ఆ పూసకు సుమారు 5 సెంటీమీటర్ల దూరముననే యున్నవి. 20ని 40చే గుణించి 5చే భాగింపగా 160 వచ్చును. అనగా 20 కిలోలకై ఆ కండరములు 160 కిలోల బరువునకు సమానమైన బలముతో లాగవలెను; వంగిన మొండెము బరువు ఇందు చేరలేదు. బరువు వీపును అంటియున్నచో ఆ దూరము తగ్గును, శ్రమయు తగ్గును.

మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరులో సంగతి వేరు. గుంట మగ్గమువద్ద నేతగాని నడుముపై మూటలేదు. కాని కాళ్ళు గుంటలో ఆడించుచు, ముందుకు వంగి గంటల తరబడి ఒకే తీరున కూర్చొనవలెను. బరువు మోసినవానికిని నొప్పియే, మోయనివానికిని నొప్పియే.

1934లో మిక్స్‌టర్, బార్ అను అమెరికా వైద్యులు పూసల నడిమి డిస్కు చిట్లి నరమును నొక్కుట చూపిరి. ఆ తరువాత చాలకాలము ప్రతి నొప్పికిని డిస్కే దోషియైనది. కాని 2015లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారము, ఏ నొప్పియు లేని 20 ఏండ్లవారిలో నూటికి 37 మందికి, 80 ఏండ్లవారిలో 96 మందికి డిస్కులు అరిగినట్లు చిత్రములలో కనబడినది. అరుగుదల వేరు, నొప్పి వేరు.

1977లో ఎంగెల్ వ్యాధికి శరీరము, మనస్సు, సంఘము మూడును కారణములనెను. 1987లో వాడెల్ అను శస్త్రవైద్యుడు దీనిని నడుము నొప్పికి అన్వయించెను. బోయింగ్ విమాన కర్మాగారమున సుమారు 3,000 మంది కార్మికులను పరిశీలింపగా, తమ పని నచ్చనివారే నొప్పియని ఎక్కువగా చెప్పుకొనిరని 1991లో తేలినది.

దీనిని తరగతిలో చెప్పినప్పుడు ఒక నేతగాని కుమారుడు లేచి, “మా నాయన నొప్పి మనసులోదైతే మగ్గం దిగినాక ఎందుకు తగ్గుతుంది సార్?” అని అడిగెను. మంచి ప్రశ్న. నొప్పి మనస్సు కల్పించినదని ఆ శాస్త్రజ్ఞులు అనలేదు. భయము, దిగులు దానిని పెంచి నిలుపునని మాత్రమే అనిరి. బస్తాకింతయని కూలి తెచ్చుకొనువాని దిగులు జబ్బు కాదు, లెక్క. ఒక దినము పడుకొన్న ఒక దినము కూలి పోవును. అట్టివానికి ధైర్యవచనములు మాత్రమే చెప్పి పంపుట నా దృష్టిలో వైద్యము కాదు.

మరి ఏమి చేయవలెను? హెల్సింకి నగరోద్యోగులపై జరిగిన పరిశోధన 1995లో వెలువడినది. నొప్పి వచ్చినంతనే మంచమెక్కినవారికంటె, ఓర్చుకొనగలిగినంత మేరకు రోజువారీ పనులు సాగించినవారు త్వరగా కోలుకొనిరి. మంచమున కండరము బలహీనపడును; లేచిన నాడు చిన్న పనికే నొప్పి పుట్టి భయము రెట్టింపగును. ఈ భయము మాటలకు లొంగదు. నేడు కొంత నడచి, రేపు అయిదు కిలోలెత్తి, ఏమియు కాలేదని చూచుకొన్నప్పుడే లొంగును. కనుక పని వైద్యమే మనస్సునకును వైద్యమగుచున్నది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో దీర్ఘకాలపు నొప్పికి వ్యాయామమును, అవసరమైనచో మానసిక చికిత్సను సూచించి, నడుము పట్టీలు, ట్రాక్షను వలదనెను. నేతగాడు మధ్యమధ్య గుంటనుండి లేచి నాలుగడుగులు వేయుట ఖర్చులేని పని.

అయితే జ్వరము, బరువు తగ్గుట, కాలు పట్టుతప్పుట, తొడల నడుమ తిమ్మిరి, మూత్రము బిగియుట లేక అదుపు తప్పుట వంటివి ఉన్నచో వెంటనే డాక్టరుకు చూపవలెను. వెన్నుపూస క్షయ మన దేశమున అరుదు కాదు.

ఇక బస్తా. 1967లో అంతర్జాతీయ కార్మిక సంస్థ ఒక పురుషుడు మోయు బరువు 55 కిలోలు మించరాదని సిఫారసు చేసెను. బస్తాను తేలిక చేసియు కూలి తగ్గకుండ చూచుట డాక్టరు చేతిలో లేదు; బస్తాకు రేటు కట్టువారి చేతిలో నున్నది.