వంద కిలోమీటర్ల అవతలికి అర్థమయ్యేలా

ఖతర్ పటంలో పైకొసన కనిపించే ఊరు మదీనత్ అల్ షమాల్. దోహా నుంచి అల్ షమాల్ రోడ్డు పట్టుకుని వెళితే వంద కిలోమీటర్ల పైమాటే. ఊరిని ఆనుకుని అల్ రువైస్ రేవు ఉంది. పడమటి తీరం వైపు 2013లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కిన అల్ జుబారా ఉంది. దిగువన తూర్పు తీరంలో రాస్ లఫాన్ గ్యాస్ నగరం ఉంది. పెద్ద కంపెనీల హెడ్డాఫీసులు సాధారణంగా దోహాలో ఉంటాయి. ఈ ఉత్తరపు కొసన ఉండేవి సైటాఫీసులు, స్టోర్లు, క్యాంపులు. అక్కడ కంప్యూటర్ మొరాయిస్తే దాన్ని సరిచేయగలిగినవాడు పక్క గదిలో ఉండడు. దోహాలో ఉంటాడు, ఒక్కోసారి హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటాడు. సైటాఫీసు అతనికి కనపడదు. ఇక్కడి మనిషి రాసి పంపిన నాలుగు వాక్యాలే అతనికి ఆధారం.

మన కాలేజీల్లో బిజినెస్ కమ్యూనికేషన్ ఒక పేపరు, ఆఫీస్ టెక్నాలజీ ఇంకో పేపరు. మొదటిది ఇంగ్లిష్ లెక్చరర్ చెబుతారు, రెండోది కంప్యూటర్ లెక్చరర్ చెబుతారు. ఒకరి క్లాసులో ఏం జరిగిందో మరొకరికి తెలియదు. ఉద్యోగంలో మాత్రం ఈ రెండూ ఒకే పని. ఎదురుగా లేని మనిషికి జరిగింది జరిగినట్టు చెప్పడం, అతను చెప్పింది సరిగ్గా చేయడం: ఆఫీసు సాంకేతిక సహాయమంతా దీని మీదే నడుస్తుంది. అందుకే ఈ రెండు చదువులనూ కలిపి నేర్పాలి.

మనకు ఈ చదువులు కొత్తేమీ కాదు. టైపు ఇన్‌స్టిట్యూట్లు ఊరూరా వెలిగిన రోజుల్లోనే వీటికి పునాది పడింది. సాంకేతిక విద్యా మండలి నిర్వహించే టైపు పరీక్షల్లో లోయర్‌కు నిమిషానికి 30 పదాలు, హయ్యర్‌కు 45 పదాల వేగం కావాలి. వేగం ఒక్కటే చాలదు. రెండో పేపర్లో ఉత్తరాన్ని, అంకెల పట్టికను పద్ధతిగా కూర్చి చూపించాలి. ఆ సంప్రదాయమే పాలిటెక్నిక్‌లలో కమర్షియల్ అండ్ కంప్యూటర్ ప్రాక్టీస్ డిప్లొమాగా కొనసాగుతోంది. ఐటీఐల్లో కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్ అనే ఏడాది ట్రేడ్ ఉంది, దాంతోపాటు ఎంప్లాయబిలిటీ స్కిల్స్ తప్పనిసరి. డిగ్రీలో బీకాం కంప్యూటర్స్ సంగతి చెప్పనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి వచ్చిన డిగ్రీ పాఠ్యప్రణాళిక బిజినెస్ కమ్యూనికేషన్‌ను నైపుణ్య కోర్సుల్లో చేర్చింది. నైపుణ్య శిక్షణ ఇచ్చే ప్రభుత్వ సంస్థలు, తెలంగాణలో టాస్క్, ఆంధ్రప్రదేశ్‌లో నైపుణ్యాభివృద్ధి సంస్థ, రెండూ 2014లో మొదలైనవే.

ఖతర్ కూడా ఇలాంటి చదువుల మీద దృష్టి పెట్టింది. కెనడాకు చెందిన కాలేజ్ ఆఫ్ ది నార్త్ అట్లాంటిక్ 2002లో దోహాలో తలుపులు తెరిచింది. అదే 2022లో యూనివర్సిటీ ఆఫ్ దోహా ఫర్ సైన్స్ అండ్ టెక్నాలజీగా మారింది. అందులో బిజినెస్‌కు ఒక కళాశాల, కంప్యూటింగ్‌కు ఇంకో కళాశాల ఉన్నాయి. అనువర్తిత విద్య, అంటే చేతితో చేసి నేర్చుకునే చదువు, దాని ప్రత్యేకత. కమ్యూనిటీ కాలేజ్ ఆఫ్ ఖతర్ 2010లో వచ్చింది.

ఇక అసలు పని ఎలా ఉంటుందో చూద్దాం. ఉత్తరాన ఒక సైటులో స్టోర్‌కీపర్‌కు పొద్దున్నే ప్రింటర్ పనిచేయలేదనుకోండి. చాలామంది హెల్ప్‌డెస్క్‌కు ఇలా రాస్తారు: ‘సార్, సిస్టమ్ పనిచేయడం లేదు. చాలా అర్జెంట్. దయచేసి వెంటనే చూడగలరు.’ మర్యాదకు లోటు లేదు, సమాచారమే లేదు. చదివినవాడు ఏ సిస్టమ్, ఎప్పటి నుంచి, ఏం కనిపిస్తోంది అని తిరిగి రాస్తాడు. ఆ జవాబు ఇతను చూసేసరికి గంట దాటుతుంది.

అదే విషయాన్ని ఇలా రాయవచ్చు: ‘సైట్ స్టోర్‌లోని ప్రింటర్ నుంచి ఈ ఉదయం 7:10 తర్వాత కాగితం రావడం లేదు. నా కంప్యూటర్‌తో పాటు పక్కనున్న రెండింటిలోనూ ఇదే పరిస్థితి. ఇంటర్నెట్, ఈమెయిల్ బాగానే ఉన్నాయి. తెర మీద ప్రింటర్ ఆఫ్‌లైన్ అని వస్తోంది. ఒకసారి ఆపి ఆన్ చేశాం, కేబుల్ తీసి మళ్లీ పెట్టాం. 11 గంటలకు మెటీరియల్ లారీ వస్తుంది, అప్పటికి డెలివరీ నోట్ ప్రింట్ కావాలి.’

ఇందులో అలంకారం లేదు, పెద్ద మాటల్లేవు. అయినా ప్రతి వాక్యం ఒక అనుమానాన్ని తీరుస్తోంది. మూడు కంప్యూటర్లకూ ఇబ్బంది ఉందంటే లోపం ఏదో ఒక కంప్యూటర్‌లో ఉండే అవకాశం తక్కువ. ఇంటర్నెట్ ఉందంటే నెట్‌వర్క్ మొత్తం పడిపోలేదు. ఆఫ్‌లైన్ అని చూపిస్తోందంటే ప్రింటర్‌కూ నెట్‌వర్క్‌కూ మధ్య లంకె తెగి ఉండాలి, దాని ఐపీ చిరునామా మారిందేమో ముందు చూడాలి. తీసి పెట్టడం అయిపోయింది కాబట్టి ఆ సలహా మళ్లీ ఇవ్వనక్కర్లేదు. 11 గంటల గడువు తెలిసింది కాబట్టి వరుసలో దీన్ని ఎక్కడ ఉంచాలో తేలిపోయింది. ఒంట్లో బాగోలేదన్న రోగికీ, రాత్రి నుంచి జ్వరం, మాత్ర వేసుకున్నా తగ్గలేదన్న రోగికీ వైద్యుడి దగ్గర ఎంత తేడా ఉంటుందో, ఇక్కడా అంతే.

అవతలి వైపు కూర్చున్న సహాయకుడికీ ఒక పద్ధతి ఉంది. 1980ల చివర్లో బ్రిటన్ ప్రభుత్వ సంస్థ ఒకటి ఐటీఐఎల్ అనే పద్ధతుల సంపుటిని సిద్ధం చేసింది. నేటి హెల్ప్‌డెస్క్‌ల భాష చాలామటుకు దాని నుంచే వచ్చింది. వచ్చిన ప్రతి ఫిర్యాదుకూ ఒక నంబరు పడుతుంది, దాన్ని టికెట్ అంటారు. ఎంతమంది పని ఆగింది, ఎంత త్వరగా కావాలి అన్న రెండు ప్రశ్నలను కలిపి దాని ప్రాధాన్యం నిర్ణయిస్తారు. పెద్ద అధికారి మౌస్ పాడవడం కంటే పాతిక మంది టైమ్‌షీట్లు ఆగిపోవడం ముందు రావాలి. పాస్‌వర్డ్ మార్పు లాంటివి మొదటి అంచెలో తీరిపోతాయి. తీరనివి రెండో అంచెకు, అక్కడా తేలకపోతే ఆ సాఫ్ట్‌వేర్ లేదా పరికరం నిపుణుల దాకా వెళతాయి. ఒక అంచె నుంచి మరో అంచెకు పంపేటప్పుడు ఇప్పటిదాకా ఏం చేశామో రాసి పంపాలి. ఆ రాత సరిగ్గా లేకపోతే వాడుకరి తన గోడు మళ్లీ మొదటి నుంచి చెప్పుకోవాలి. మంచి సహాయకుడు ఒకసారికి ఒకే ప్రశ్న అడుగుతాడు, మళ్లీ ఎప్పుడు కబురు చేస్తాడో చెబుతాడు, పని అయ్యాక ఏం జరిగిందో రెండు ముక్కల్లో రాసి టికెట్ మూసేస్తాడు. ఇవన్నీ కమ్యూనికేషన్ పాఠాలే.

గల్ఫ్ సైటుల్లో ఈ రెండు చదువులూ పూర్తిగా కలిసిపోయే ఉద్యోగం డాక్యుమెంట్ కంట్రోలర్‌ది. నిర్మాణానికి సంబంధించిన డ్రాయింగులు, ఉత్తరాలు, తనిఖీ పత్రాలు అన్నీ అతని చేతుల మీదుగానే వెళతాయి. ఒక డ్రాయింగు పరిశీలన దశలో ఉన్నప్పుడు ఏ, బీ, సీ అని, ఆమోదం పొందాక సున్నా, ఒకటి, రెండు అని రివిజన్ గుర్తులు వేయడం చాలాచోట్ల ఉన్న వాడుక. కొత్త రివిజన్ రాగానే దాన్ని నమోదు చేయాలి, అందాల్సినవాళ్లకు ట్రాన్స్‌మిటల్‌తో, అంటే ఏం పంపామో చెప్పే పత్రంతో, పంపాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి, పాత కాపీలు వెనక్కి తెప్పించాలి. ఒక్క పాత కాపీ సైటులో మిగిలిపోతే గోడ తప్పు చోట లేస్తుంది, పైపు తప్పు కొలతలో పడుతుంది. కూలగొట్టి మళ్లీ కట్టే ఖర్చు ముందు ఆ ఉద్యోగి జీతం ఎంత? ఆఫీసు పని కదా, ఎవరైనా చేస్తారని మన ఇళ్లలో చులకనగా మాట్లాడతారు. అది నిజం కాదు.

భాషల సంగతీ తెలుసుకోవాలి. ఖతర్ అధికార భాష అరబిక్. 2019 నాటి 7వ చట్టం ప్రభుత్వ వ్యవహారాల్లో దాని స్థానాన్ని మరింత గట్టిపరిచింది. కంపెనీల ఈమెయిళ్లు ఎక్కువగా ఇంగ్లిష్‌లో నడుస్తాయి. సైటులో మాట్లాడేది హిందీ, ఉర్దూ, మలయాళం, నేపాలీ, తగలాగ్, మన తెలుగు. అంటే ఈమెయిల్ రాసేవాడికీ చదివేవాడికీ చాలాసార్లు ఇంగ్లిష్ సొంత భాష కాదు. అలాంటిచోట పొడుగాటి వాక్యాలు, అరువు తెచ్చుకున్న దర్జా మాటలు పనికిరావు. ఒక వాక్యానికి ఒక సంగతి చాలు. తేదీలో నెలను అంకెల్లో కాక పేరుతో రాస్తే ఎవరికీ సందేహం రాదు. ఖతర్‌లో ఆదివారం పనిదినం, శుక్రవారం సెలవు. అక్కడి గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ‘వారాంతానికి’, ‘రేపు పొద్దున’ అని రాస్తే హైదరాబాద్‌లో ఉన్న సహాయకుడికి ఒక అర్థం, షమాల్‌లో ఉన్నవాడికి ఇంకో అర్థం. ‘ఆదివారం, దోహా సమయం ఉదయం 9’ అని రాస్తే చిక్కు లేదు.

నిజామాబాద్, జగిత్యాల, నిర్మల్ ప్రాంతాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి మనవాళ్లు గల్ఫ్‌కు తరతరాలుగా వెళుతున్నారు. వీళ్లలో నాలుగు ముక్కలు రాయగలిగినవాడు తన ఉద్యోగం ఒక్కటే చూసుకోడు. క్యాంపులో తోటివాళ్ల కాగితాలకూ అతనే దిక్కు. 2015లో ఖతర్ చట్టం మార్చి జీతాలు బ్యాంకు ద్వారానే చెల్లించాలని చెప్పింది. 2021 మార్చిలో నెలకు 1,000 రియాళ్ల కనీస వేతనం అమల్లోకి వచ్చింది. ఈ హక్కులు అక్కరకు రావాలంటే ఏ నెల జీతం, ఎంత రావాలి, ఎంత వచ్చింది, ఎప్పుడు అడిగాం అన్నవి తేదీలతో చెప్పగలగాలి. ప్రింటర్ గురించి స్పష్టంగా రాయడం నేర్చినవాడు తన జీతం గురించీ స్పష్టంగా రాయగలడు. కార్మికుల వసతి గృహాల్లో కంప్యూటర్లు, ఇంటర్నెట్ అందించేందుకు ఖతర్ ప్రభుత్వం 2013లో బెటర్ కనెక్షన్స్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. యంత్రం చేతికొచ్చాక, దానితో ఏం రాయాలో తెలిసినప్పుడే దాని ప్రయోజనం పూర్తవుతుంది.

లోటు మన పరీక్షల్లో ఉంది. కమ్యూనికేషన్‌కు నిర్వచనం రాయమంటాం, అవరోధాలు ఐదు చెప్పమంటాం, కంప్యూటర్ తరాలు అడుగుతాం. వాటిని బట్టీపట్టి తొంభై మార్కులు తెచ్చుకున్న పిల్లవాడికి కూడా మొదటి ఉద్యోగంలో ఒక టికెట్ రాయమంటే చేయి ఆడదు. తప్పు పిల్లవాడిది కాదు, అడగాల్సింది మనం అడగలేదు. ల్యాబులో కావాలని ఒక కేబుల్ ఊడదీసి, జరిగింది పక్క గదిలో ఉన్న విద్యార్థికి రాత ద్వారా మాత్రమే చెప్పమనండి. అవతలివాడు ఆ రాత చదివి లోపం పట్టుకోగలిగితే ఇద్దరికీ మార్కులు వేయండి. దీనికి కొత్త భవనం అక్కర్లేదు. ఇంగ్లిష్ లెక్చరర్, కంప్యూటర్ లెక్చరర్ వారానికి ఒక గంట ఒకే గదిలో నిలబడితే చాలు.

కోర్సులో చేరబోయేవారు ఫీజుకు ముందు మూడు సంగతులు అడగండి. వారానికి ఎన్నిసార్లు నాతో రాయిస్తారు? రాసినదాన్ని దిద్ది, మళ్లీ రాయిస్తారా? విప్పి బిగించడానికి నిజమైన యంత్రాలు ఉన్నాయా? ఈ మూడింటికీ సూటిగా జవాబు చెప్పగలిగిన కాలేజీలో చేరండి. అది మీ ఊళ్లోని ఐటీఐ అయినా సరే, పెద్ద బోర్డున్న నగరపు కాలేజీ కంటే అదే మీకు ఎక్కువ నేర్పుతుంది.