అక్కడ నేల మీద ఎందుకు పడుకోరు?

పిల్లలూ, అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో ఒకెఫెనోకీ అనే పెద్ద చిత్తడి అడవి ఉంది. కెనూ అనే సన్నటి పడవల్లో తెడ్డు వేసుకుంటూ వెళ్లి, రాత్రి అక్కడే బస చేసేవాళ్లు చాలాచోట్ల గుడారాన్ని గడ్డి మీద వేయరు. నీళ్లపైన కట్టిన చెక్క అరుగు మీద వేస్తారు. చుట్టూ పచ్చటి నేల కనిపిస్తున్నా ఎందుకలా?

ఎందుకంటే అందులో చాలా భాగం గట్టి నేల కాదు! నీళ్లలో రాలిన ఆకులు, కాడలు అక్కడ పూర్తిగా కుళ్లవు. అడుగున గాలి అందదు, నీళ్లకు ఆమ్ల గుణం ఎక్కువ. అందుకే అవి వేల ఏళ్లుగా పొరలు పొరలుగా పేరుకున్నాయి. ఈ మెత్తటి పొరనే పీట్ అంటారు. అది మెల్లమెల్లగా కుళ్లుతుంటే లోపల వాయువులు పుడతాయి. పులిసిన ఇడ్లీ పిండి బుడగలతో పొంగడం చూశారుగా? అలాగే ఆ వాయువులు పీట్ దిబ్బల్ని పైకి తేలుస్తాయి. వాటి మీద గడ్డి, పొదలు, చివరికి చెట్లు కూడా మొలుస్తాయి. కాలు పెడితే అంతా ఊగుతుంది.

ఇంకా అబ్బురమేమిటంటే, నీళ్లలో పుట్టిన ఈ పీట్ ఎండితే మండుతుంది. 2007లో కరువు వేళ చెలరేగిన మంటలు ఇక్కడ ఎంతో అడవిని కాల్చేశాయి. అరుగుల మీద నెగడు వేయకూడదు, చిన్న స్టవ్వు మీదే వంట. చీకటి పడేలోపు అరుగు చేరాలి కూడా. మొసళ్ల బంధువులైన ఎలిగేటర్లు ఎక్కువగా రాత్రిపూటే వేటాడతాయి మరి!