రాతిపువ్వు పువ్వు కాదు

బగారా అన్నానికి పోపు పెట్టేటప్పుడు లవంగం, దాల్చినచెక్క, షాజీరాలతో పాటు ముడుచుకుపోయిన ఎండుటాకులాంటి దినుసొకటి వేస్తాం గదా! ఒకవైపు బూడిదరంగు, తిప్పిచూస్తే నలుపు. అదే రాతిపువ్వు. మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు పత్థర్ కా ఫూల్ అన్నా కొట్టువాడికి తెలుస్తుంది. పేరుకి పువ్వే గాని, అది పువ్వూ కాదు, ఆకూ కాదు. ఆ మాటకొస్తే ఒక్క ప్రాణి కూడా కాదు, రెండు ప్రాణుల ఉమ్మడి కాపురం. దీన్ని లైకెన్ అంటారు.

ఆ ఇద్దరిలో ఒకటి బూజు జాతికి చెందిన శిలీంధ్రం, రెండోది కంటికి ఆనని ఆకుపచ్చ నాచు. ఇల్లు కట్టి, తేమ పట్టి, ఎండ నుంచి కాపాడేది శిలీంధ్రం. వెలుతురుతో వంట చేసి ఇద్దరికీ పెట్టేది నాచు. (వంట యెవరి వంతో ఇక్కడా తేలిపోయింది చూశారూ!) ఈ సంగతి 1867లో ష్వెండెనర్ అనే స్విట్జర్లాండు శాస్త్రజ్ఞుడు చెబితే, తోటి పండితులు చాలామంది ఒప్పుకోనే లేదు.

అయితే ఇంటిపేరు మాత్రం శిలీంధ్రానిదే. రాతిపువ్వు శాస్త్రీయనామం పార్మోట్రీమా పెర్లేటం, కుటుంబం పార్మేలియేసీ. 1762లో ఇంగ్లండులో హడ్సన్ దీన్ని వర్ణించిన రోజుల్లో ఈ జాతులన్నిటినీ లైకెన్ అనే ఒకే గంపలో వేసేవారు. ఇప్పటి పేరు 1952లో వచ్చింది. బజారులో కొన్న పొట్లంలో దీని దగ్గరి చుట్టాలు కూడా కలిసే వుంటాయి.

ఇది చల్లని, తేమగల కొండల సరుకు. మనకు హిమాలయ ప్రాంతపు అడవుల నుంచి వస్తుంది. మన కవ్వాల్, జన్నారం టేకడవులు వేసవిలో ఆకురాల్చి ఎండిపోయేవి, కాబట్టి అక్కడ బెరడును అంటిపెట్టుకుని మచ్చల్లా పెరిగే రకాలే ఎక్కువ. మామిడి మానుమీద తెల్లగా, బూడిదగా కనిపించే పైక్సీన్ కోకోస్ మైదానాల్లో మామూలే.

లైకెన్‌కు వేళ్లు లేవు, గాలిలో వున్నదే దాని తిండి. బొగ్గు కాలిస్తే వచ్చే గంధకపు పొగ చాలా రకాలకు పడదు. పారిస్ తోటల్లో ఇవి మాయమవుతున్నాయని నైలాండర్ 1866లోనే గమనించాడు. బొగ్గు గనులూ, థర్మల్ కేంద్రమూ వున్న రామగుండం వైపు వారు చెట్లను ఓసారి పరికించి చూడవచ్చు. పైక్సీన్ మాత్రం పొగకు కాస్త ఓర్చుకునే రకం.

మరి వీటి క్షేమం చూసేదెవరు? అంతర్జాతీయ ఎరుపు జాబితాలో లైకెన్లకు చోటు దొరికిందే 2003లో, అదీ రెండు జాతులకు. నేటికీ పరిశీలించినవి బహు కొద్ది. ఇటు చూస్తే రాతిపువ్వుకు సాగు లేదు, అడవిలో గీకి తేవలసిందే. పెరిగేదేమో ఏడాదికి కొద్ది మిల్లీమీటర్లు! అరచేతంత రేకు కొన్నేళ్ల పంట. ఆ గీకి తెచ్చే పల్లెవాళ్లకు అది జీవనాధారం కూడాను, వద్దనడం తేలిక కాదు. కొమ్మకు కొంత వదిలి గీకితేనే మళ్లీ పెరిగేది.

మన చేతిలో వున్నదీ కొంత వుంది. రేకుల్లో బెరడు ముక్కలూ, ఇసుకా ఏరి, కాగిన నూనెలో వేయండి. వాసన వేడికే బయటపడుతుంది గనుక చిన్న రేకు చాలు. ఇక పెరటి మామిడికి మచ్చలు పట్టాయని గీకించకండి. అవి చెట్టు రసం పీల్చేవి కావు, బెరడుమీద అద్దెకున్నవి మాత్రమే.